పింగాణీ గిన్నెలు

బండి ముందు వినిపించదు.
కంకర మీద బల్లి ఒకటి కదులుతుంది, అంతే.
తర్వాత పైతీగ గుయ్‌మంటుంది,
ఆ తర్వాత ఎర్రటి దుమ్ము,
దుమ్ములోంచి నైన్-ఈ.

సిషెన్ గనుల నుంచి సల్దాన్యా రేవు దాకా
ఎనిమిది వందల అరవై ఒక్క కిలోమీటర్లు.
మొదట్లో ఇనుపరాయిని డీజిలు ఇంజన్లే లాగాయి,
దగ్గుతూ, దారి పొడుగునా నూనె తాగుతూ.
డెబ్బై ఎనిమిదిలో ఇవి దిగాయి,
ఆరేసి ఇరుసుల మీద, పొగ లేకుండా.
బడిలో మాస్టారు బోర్డు మీద అంకె వేశాడు:
యాభై వేల వోల్టులు.
సున్నాలు లెక్కపెట్టి, ఇంటికెళ్ళి
కొవ్వొత్తి ముట్టించుకున్నాం.
నెత్తి మీద కరెంటు, నట్టింట చీకటి.

మా నాన్న గెర్ట్ డిర్క్సే
రైల్వేలో పింగాణీ గిన్నెలు కడిగేవాడు.
అమ్మ అలాగే చెప్పేది అడిగినవాళ్ళకి.
సముద్రపు మంచు రాత్రంతా ఉప్పు మోసుకొచ్చి
ఇన్సులేటర్లకు పూసి పోయేది.
పూత ముదిరితే కరెంటు దారి తప్పి
స్తంభం దిగి వస్తుంది.
అందుకని లైను చంపించి, నిచ్చెనేసి,
ఒక్కో గిన్నె, ఒక్కో గిన్నె.
ఇంట్లో మాత్రం ఒక్క కప్పూ కడిగి ఎరగడు మహానుభావుడు.

తోలేవాళ్ళు తెల్లవాళ్ళు.
అది చట్టమో అలవాటో
మాకెవరూ విడదీసి చెప్పలేదు.
నాన్న ఇంజను కడుపు కింద వంగి చూశాడు,
పైకప్పు చూశాడు నిచ్చెన మీంచి.
క్యాబు తలుపు మాత్రం
ఎప్పుడూ బయటి వైపు నుంచే.

నైన్-ఈ పక్కటెముకల్లో ఒక అర ఉంటుంది.
అందులో మోటారు సైకిలు.
నవ్వకండి, నిజం.
బండి రెండు కిలోమీటర్లు దాటాక
తోక దగ్గర ఏమైందో చూడ్డానికి నడిచి వెళ్తే
తెల్లారిపోతుంది మరి.

నాకు తొమ్మిదేళ్ళు.
మా గుడిసె ఎదురుగా బండి ఆగిపోయింది, అర్ధరాత్రి.
ఎక్కడో ఒక ఇరుసు కాగిందట.
డ్రైవరు ఫాన్ ఆస్ మోటారు సైకిలు దించి
తన్నాడు, తిట్టాడు, మళ్ళీ తన్నాడు.
నాన్న లాంతరుతో వెళ్ళి
ప్లగ్గు ఊడదీసి, చొక్కా చెంగుతో తుడిచి పెట్టాడు.
బండి అందుకుంది.
ఫాన్ ఆస్ చీలమండ అప్పటికే వాచింది.
"నడపడం వచ్చా?"
"వచ్చు" అన్నాడు నాన్న.
రాదు.

మలుపు తిప్పుతుంటే దీపం మా ఇంట్లోకి తిరిగింది.
గోడ మీద బీట, మేకుకు వేలాడే టోపీ,
అమ్మ ముఖం, నోటి మీద చెయ్యి,
బల్ల మీద ఆరు కప్పులు,
ఒక్కసారిగా అన్నీ.
మళ్ళీ చీకటి.
వ్యాగన్ల సందుల్లోంచి ఆ వెలుగు
ఆరుతూ వెలుగుతూ దూరమైంది.
లెక్కపెడుతూ నిద్రపోయాను.

పొద్దున మోచేతులు చెక్కుకుపోయి వచ్చాడు.
"నూట పదకొండో వ్యాగను" అన్నాడు,
వేరే ఏమీ అనలేదు, ఆ వారమంతా.
రైల్వే రికార్డులో ఫాన్ ఆస్ పేరే ఉంటుంది.

ఇప్పుడు నా డ్యూటీ పదిహేను-ఈ మీద.
చల్లటి క్యాబు, నాలుగు కిలోమీటర్ల బండి.
కానీ నేను పని నేర్చుకున్నది నైన్-ఈ మీదే,
దాని ఆఖరి రోజుల్లో,
సీటు స్పంజి బయటికొచ్చాక.
మొదటి రోజే ఆ అర తలుపు లాగి చూశాను.
మోటారు సైకిలు లేదు.
ఎర్రటి దుమ్ము, ఒక గుడ్డపీలిక,
ఎలుక పెట్టుకున్న గూడు.

మా గుడిసె లేదు ఇప్పుడు. కంచె ఉంది.
ఆ మలుపు దగ్గర
ఎదురు బండి లేని రాత్రుల్లో
హెడ్‌లైటు తగ్గించను.